ఇంజను గట్టిదే, గాలే ఉప్పుది: మా ఏపీ 31 ఎస్టీమ్ డైరీ

నవంబరు ఆఖరు

కారు మారుతి ఎస్టీమ్, 2003 మోడల్, 1298 సీసీ పెట్రోలు. నంబరు ఏపీ 31, అంటే విశాఖ బండి. మీటరు మీద 2,87,000 చిల్లర. మొదటి ఓనరూ ఆఖరి ఓనరూ మా మావయ్యే. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, సొంతూరు టెక్కలి అవతల. సెలవు దొరికిందంటే కూర్మన్నపాలెంలో బండి తీసి హైవే ఎక్కేసేవారు. ఆ రోడ్డు ఎన్‌హెచ్-5గా ఉన్నప్పుడూ బండి తిరిగింది, 16 అయ్యాకా తిరిగింది.

2018లో రిటైరయ్యాక లాసన్స్ బే కాలనీలో ఫ్లాటు కొనుక్కున్నారు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది, అది ఆయన ఆనందం. కారుకి మాత్రం బాదం చెట్టు కింద, ఆరుబయట చోటు దొరికింది. అప్పట్నుంచి అది తిరిగింది రెండు వేల కిలోమీటర్లు కూడా లేదు.

అమ్మేద్దామని పాత కార్ల వ్యాపారిని పిలిస్తే, ఆయన లోపలికి తొంగి మీటరు చూసి పెదవి విరిచాడు. తుక్కు కింద పాతిక వేలిస్తానన్నాడు. ఆయన కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, కింద పడుకుని తలుపుల కింది రేకు, అదే రన్నింగ్ బోర్డు, చూసి పెదవి విరిచుంటే నాకేం అభ్యంతరం లేదు. మీటరు చూసి విరిచాడు, అదే నచ్చలేదు. పాతిక వేలు నేనే ఇస్తానన్నాను. మావయ్య పుచ్చుకోలేదు. "నడుపుతానంటే తీసుకో, దాచుకుంటానంటే మాత్రం వద్దు" అన్నారు.

కారుతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా వచ్చింది. పోయించిన ప్రతి లీటరు పెట్రోలూ, మార్చిన ప్రతి ఫిల్టరూ అందులో రాసి ఉన్నాయి. ఇంజనాయిలు అయిదు వేల కిలోమీటర్లకోసారి, ఒక్కసారి కూడా తప్పలేదు. క్లచ్ ప్లేటు 2009లో. రేడియేటరు 2012లో. హుద్‌హుద్ తుఫాను పేజీలో, 12 అక్టోబరు 2014 తారీఖు కింద, ఒకటే వాక్యం: "బండి ఊళ్లో ఉంది, దేవుడి దయ." ఊరంటే టెక్కలి అవతలి సొంతూరు. ఆ రోజు ఇక్కడ చెట్ల కింద నలిగిన కార్లను చూసినవాళ్లకి ఆ వాక్యం బరువు తెలుస్తుంది.

2018 దాకా ఏడాదికి పంతొమ్మిది, ఇరవై వేల కిలోమీటర్లు. ఆ తర్వాత పేజీలు ఖాళీ. 2020 మొత్తానికి 340 కిలోమీటర్లు. కారు ఎప్పుడు జబ్బుపడిందో ఆ ఖాళీ పేజీలే చెప్తున్నాయి.

డిసెంబరు మొదటి వారం

గాజువాక ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గరికి తోలించాను. తోలించడమంటే, టో వ్యాను మీద. సెల్ఫ్ కొడితే మూలిగి ఊరుకుంటోంది. వేరే షెడ్డులో చూపిస్తే సెల్ఫ్ మోటారు పోయింది, కొత్తది వేయాలన్నారు. మా మేస్త్రి మోటారు జోలికే పోలేదు. మల్టీమీటరు తీసి ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టి, నన్ను తాళం తిప్పమన్నాడు. 1.4 వోల్టులు చూపించింది. ఆ రెండు చోట్ల మధ్యా తేడా అర వోల్టు కూడా ఉండకూడదు. అంటే కరెంటు మోటారుకి చేరకుండా దార్లోనే కరిగిపోతోంది. బాడీకీ ఇంజనుకీ మధ్య ఉండే ఎర్త్ కేబుల్ చివర పచ్చగా, పొడిపొడిగా తేలింది. విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త కేబుల్ బిగించి కొట్టగానే స్టార్టయింది. ఖర్చు నాలుగొందల లోపే.

తర్వాత కంప్రెషన్ చూశాం, అంటే ఒక్కో సిలిండరులో ఎంత ఒత్తిడి పుడుతోందో. ప్లగ్గులు నాలుగూ విప్పి, గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టడమే. 178, 175, 176, 171 పీఎస్ఐ. ఎంత వచ్చిందనే దానికన్నా నాలుగూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికి బాగా దూరంగా పడిపోతే రింగులో, వాల్వులో, గాస్కెట్టో అనుమానించాలి. ఇక్కడ అలాంటిదేం లేదు.

"బాబూ, ఇంజను గురించి బెంగెట్టుకోకండి" అన్నాడు మేస్త్రి. "ఇది తిరిగిన బండి. ఊరికే నిలబెట్టీసిన ఇంజనైతే నాను సేత్తో ముట్టుకోను."

ఆయన మాటలో చమత్కారమేం లేదు, సాంకేతికమే. ఇంజను అరిగేది ఎక్కువగా చల్లగా ఉండి స్టార్టయినప్పుడు. ఆయిలు పైదాకా చేరేలోగా లోహం మీద లోహం నడుస్తుంది. సీతమ్మధార నుంచి జగదాంబకి పోయి వచ్చే కారు రోజుకి నాలుగుసార్లు స్టార్టవుతుంది, ఒక్కసారి కూడా సరిగ్గా వేడెక్కదు. ఆయిల్లోకి దిగిన తడి, పెట్రోలు ఆవిరి బయటికి పోయే సందే ఉండదు. టెక్కలి వెళ్లే కారు ఒక్కసారి స్టార్టయి, మూడు గంటలు ఒకే వేడిలో, ఒకే గేరులో పోతుంది. మొదటి కారుకి యాభై వేలు, రెండోదానికి మూడు లక్షలు ఉన్నా నేను రెండోదాని తాళమే తీసుకుంటాను.

అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అని ఒక స్కూలు మాస్టారు ఉండేవారు. 1966లో కొన్న వోల్వో పీ1800ని 2013కల్లా ముప్ఫై లక్షల మైళ్లు తిప్పారు, అంటే 48 లక్షల కిలోమీటర్ల పైమాట. ఆ లెక్కన మా ఎస్టీమ్ ఇంకా బడికే వెళ్లలేదు.

డిసెంబరు మూడో వారం

టైమింగ్ బెల్టు, అంటే ఇంజను లోపల వాల్వుల్ని వేళకి తెరిపించే రబ్బరు పట్టీ. నోట్‌బుక్ ప్రకారం 2017లో, 2,78,000 దగ్గర మార్చారు. తొమ్మిది వేలే తిరిగింది కాబట్టి ఇంకో తొంభై వేలు రావాలి కదా అని నాకనిపించింది. మేస్త్రి కవరు విప్పి బెల్టుని వెనక్కి వంచి చూపించాడు. పళ్ల మధ్య వెంట్రుకంత సన్నటి పగుళ్లు. రబ్బరుకి కిలోమీటర్లు తెలియవు, దానికి తెలిసింది ఏళ్లే. బెల్టూ టెన్షనరూ మార్చాం. ఎలాగూ అంతదాకా విప్పాం గనక క్రాంక్ సీలు, క్యామ్ సీలు, వాటర్ పంపు కూడా. ఇవి తర్వాత కారితే మళ్లీ ఇదంతా విప్పాలి, కూలి రెండోసారి.

సామాన్ల గురించి ఒక మాట. ఎస్టీమ్ ఆగిపోయింది 2007లో. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఇంజను సామాను ఆటోనగర్‌లో అడగ్గానే ఇస్తున్నారు. కారణం మారుతి వాళ్ల జీపు, జిప్సీ. ఎస్టీమ్‌లో ఉన్న 1.3 లీటర్ల జీ13 ఇంజను కుటుంబమే జిప్సీ కింగ్‌లోనూ ఉంది, వెర్సాలోనూ ఉంది. జిప్సీ 2019 దాకా తయారైంది, పైగా మిలిటరీ బండి. అది బతికున్నన్నాళ్లూ ఎస్టీమ్ గుండెకి ఢోకా లేదు. పాత కారు కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఇదే: ఆ ఇంజను ఇంకే బండిలో ఉంది? బాడీ సామాను సంగతి వేరు. తలుపు రబ్బర్లు, టెయిల్ ల్యాంపులు, బంపర్లు దొరకడం అదృష్టం మీదే.

జనవరి, సంక్రాంతికి ముందు

అసలు రోగం దగ్గరికి వచ్చాం.

ఎడమ పక్క జాకీ పెట్టి లేపుదామంటే కారు లేవలేదు, జాకీయే లోపలికి దిగింది. రన్నింగ్ బోర్డు కరకరమని అప్పడంలా నలిగింది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. సీట్లు తీసి, కార్పెట్ ఎత్తితే కింద ఫెల్టు తడిగా ఉంది, నవంబరు వాన జనవరి దాకా. ఫెల్టు కింద డ్రైవరు పాదాల చోట అరచెయ్యి పట్టేంత కన్నం, అందులోంచి షెడ్డు నేల కనిపిస్తోంది. డిక్కీలో స్టెప్నీ గుంట అడుగు కూడా జల్లెడైంది.

"ఉప్పుగాలి" అని అందరం అనేస్తాం. అది సగం నిజం. కెరటం విరిగినప్పుడల్లా నీటి బుడగలు పగిలి ఉప్పు తుంపర గాల్లోకి లేస్తుంది, ఒడ్డు పక్క కొన్ని వందల మీటర్లలో ఎక్కువగా దిగుతుంది. కారు మీద దిగిన ఆ ఉప్పు, గాల్లో తేమ 75 శాతం దాటితే చాలు, నీళ్లు పీల్చుకుని తానే కరిగిపోతుంది. విశాఖలో ఆ తేమ మనకి మామూలే. అంటే వాన పడకపోయినా రేకు మీద ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. పొక్కు కనబడిందంటే లోపల పని ఎప్పుడో మొదలైపోయినట్టే. అల్యూమినియం మీద పట్టే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు గుల్లగా ఉండి తడిని ఇంకా లోపలికి పంపుతుంది.

రెండో సగం బాదం చెట్టు. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర నీళ్లు పోయే దారి ఉంటుంది. అందులో ఆకులు కుళ్లి బురదై దారి మూసుకుపోయింది. వాననీళ్లు ఎటూ పోలేక కార్పెట్ కిందికి దిగాయి. తలుపుల అడుగున, రన్నింగ్ బోర్డుల అడుగున నీళ్లు కారడానికి సన్న కన్నాలుంటాయి. అవీ దుమ్ముతో పూడిపోయాయి. నడిచే కారుకి ఈ గతి పట్టదు. గాలికి ఆరుతుంది, ఇంజను వేడికి ఆరుతుంది, ఊరవతల వానకి ఉప్పు కడుక్కుపోతుంది, తలుపులు తెరిచి మూస్తుంటే ఆకులు రాలిపోతాయి. పదిహేనేళ్లు టెక్కలి తిరిగినప్పుడు ఈ రేకుకి చుక్క తుప్పు లేదని నోట్‌బుక్కే కాదు, 2018 నాటి ఫొటోలూ చెప్తున్నాయి.

మీ కారు ఎంత కొత్తదైనా ఈ ఆదివారం ఒక పని చేయండి. తలుపు తెరిచి, కింద అంచున ఉన్న కన్నాల్లోకి సన్న తీగ పోనివ్వండి. బురద రాలితే నాకు దండం పెట్టుకోనక్కర్లేదు, రెండో తలుపు కూడా చూసుకోండి.

టింకరింగ్ షెడ్డులు తిరిగాను. ఒకచోట ఎనిమిది వేలు చెప్పారు: పైన పుట్టీ పెట్టి, కింద నల్లటి కోటింగు కొట్టిస్తారట. తుప్పు మీద కోటింగంటే తడిని లోపలే పెట్టి మూత బిగించడం, కింద తాపీగా తింటూనే ఉంటుంది. ఒప్పుకున్న టింకరు ముప్ఫై రెండు వేలు అడిగాడు, రేకు ఖర్చు వేరు. కానీ అతను మొదటి ప్రశ్నగా "కోసీమంటారా, కప్పీమంటారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకే పని ఇచ్చేశాను.

ముందు బ్యాటరీ కేబుళ్లు విప్పించాడు, వెల్డింగ్ కరెంటు కంప్యూటరు బాక్సుని కాల్చకుండా. ఫ్లోరు కింద పోయే పెట్రోలు పైపుల్ని పక్కకి లాగి కట్టాడు. పక్కన బకెట్టు నీళ్లు. ఆ తర్వాత గ్రైండరుతో మెరిసే ఇనుము కనబడేదాకా కోసుకుంటూ పోయాడు. అరచెయ్యంత కన్నం అనుకున్నది ముందు సీటు పట్టాల దాకా పోయింది. చూస్తూ నిలబడటం కష్టంగానే ఉంది.

అతుకులకి 0.8 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు కావాలి. ఉక్కు నగరంలో ఉన్నాం గానీ ఆ రేకు ఇక్కడి ఉక్కు కాదు. మన ప్లాంటు చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లలాంటి పొడుగు సరుకు. కారు రేకు ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. ఈ సంగతి మావయ్యకి చెప్తే, "నాకు చెప్తున్నావా" అని నవ్వారు.

గ్యాస్ వెల్డింగ్ వద్దన్నాను, అతనూ వద్దన్నాడు. ఇంత పల్చటి రేకు ఆ వేడికి అలలు తిరిగిపోతుంది. సీఓటూ వెల్డింగుతో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిచ్చి మళ్లీ చుక్క. రెండు రేకులు కలిసే లోపలి భాగాలకి ముందే జింకు ప్రైమరు కొట్టాం, అతికాక అక్కడికి బ్రష్షు పోదు. పైన అతుకులకి సీలరు, ఎపాక్సీ ప్రైమరు, రంగు. ఆఖర్న రన్నింగ్ బోర్డు లోపలికి సన్న గొట్టంతో మైనం స్ప్రే. పాత టాక్సీవాళ్లు దీని బదులు కాలిన ఇంజనాయిలు పోస్తారు. పని చేస్తుంది, కానీ ఆ ఆయిలు తగిలిన రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, నేలంతా కంపు.

ఆ తర్వాత జాకీ పెట్టి లేపితే కారు లేచింది. తలుపు మూస్తే శబ్దం కూడా మారింది, ముందు డబ్బా మోగినట్టుండేది.

సంక్రాంతి

షెడ్డు బంద్. కారు అక్కడే.

ఫిబ్రవరి

బ్రేకులు: ముందు క్యాలిపర్ల పిన్నులు బిగుసుకుపోయి ప్యాడ్లు ఒక పక్కే అరిగాయి. వెనక డ్రమ్ముల్లో ఒక వీల్ సిలిండరు కారుతోంది. నిలబడ్డ కారు జబ్బులే ఇవీ. బ్రేక్ ఆయిలు గాల్లో తడి పీల్చుకుంటుంది, ఆ తడి లోపలి ఇనుముని తింటుంది. ఆయిలు మొత్తం తీసి కొత్తది పోశాం.

టైర్లకి గాట్లు నిండుగా ఉన్నాయి, కొత్తవాటిలా. పక్కన నాలుగంకెల ముద్ర 3216. అంటే 2016లో 32వ వారం. నాలుగూ తీసి పారేశాం.

పెట్రోలు గొట్టాల మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2003 కారు రబ్బర్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది, గట్టిపడి పగులుతుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించాను, క్లిప్పులతో సహా. ఇంకో సంగతి, ఇథనాల్ కూడా తడి పీల్చుకునేదే. ఇనప ట్యాంకులో సగం పెట్రోలు పోసి, సముద్రం పక్కన నెలల తరబడి వదిలేస్తే అడుగున ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. పోయించాలి, తిప్పాలి, మళ్లీ పోయించాలి. ఈ కారుకి ఏ మూల నుంచి చూసినా మందు ఒక్కటే తేలుతోంది.

మార్చి

లెక్క తొంభై వేలకి దగ్గర పడింది. మా బావ అడగనే అడిగాడు: "ఆ డబ్బుతో కొత్తదానికి డౌన్ పేమెంట్ కట్టచ్చు కదరా?"

కట్టచ్చు. తర్వాత అయిదేళ్లు ఈఎంఐ కూడా కట్టచ్చు. బావ కారులో ఎయిర్‌బ్యాగులున్నాయి, ఏబీఎస్ ఉంది, నా దాంట్లో ఏదీ లేదు. అది చిన్న తేడా కాదు. అందుకే పిల్లలతో రాత్రి హైవే అంటే నేను బావ కారే అడుగుతాను, ఆయన ఇస్తాడు కూడా. కానీ బావ కారులో ఎర్రలైటు వెలిగితే ఆయన చేయగలిగింది ఫోన్ చేయడమే. ఈ కారులో బోనెట్ ఎత్తితే నేల కనిపిస్తుంది, ప్రతి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో వేలితో చూపించొచ్చు. గీత పడుతుందని భయం లేదు, ధర పడిపోతుందని దిగులు లేదు, అది పడాల్సినంతా ఎప్పుడో పడింది. ఇక మిగిలింది నడపడమే. మూడు లక్షల దగ్గరికి వచ్చిన కారుని నేను ఇష్టపడటానికి పాత రోజుల మీద బెంగ ఒక్కటే కారణం కాదు. ఏది పోతుందో అది ఇప్పటికే ఒకసారి పోయింది, మారింది, నోట్‌బుక్‌లో తారీఖుతో ఉంది. కొత్త కారులో ఏం పోతుందో ఎవరికీ తెలియదు.

కాగితాల సంగతి. పదిహేనేళ్లు దాటిన కారు ఇక్కడ నడపకూడదని చాలామంది అనుకుంటున్నారు. ఆ గొడవ ఢిల్లీ ప్రాంతానిది. మనకి పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటే చాలు, గ్రీన్ ట్యాక్స్ వేరే. మావయ్య 2018లో, 2023లో చేయించారు, 2028 దాకా ఉంది. కాకపోతే ఫీజు మామూలుగా పెరగలేదు. ఆరొందలుండేది 2022 ఏప్రిల్‌లో అయిదు వేలైంది. 2025 ఆగస్టు నోటిఫికేషనుతో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి పది వేలు చేశారు, జీఎస్టీ అదనం. ఊరికే నిలబెట్టుకునేవాళ్లకి అది భారమే. తిప్పేవాళ్లకి ఏడాదికి రెండు వేలు.

ఏప్రిల్

మొదటి పెద్ద ప్రయాణం, అరకు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే కారు సంగతి దాచినా దాగదు. టన్ను కూడా లేని బరువుకి 85 హార్స్‌పవర్ ఉండటం వల్ల మూడో గేరులో ఆడుతూ పాడుతూ ఎక్కింది. గాలికొండ దగ్గర ఆపి చూస్తే టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. దిగేటప్పుడు తక్కువ గేరులో, ఇంజను బ్రేకింగ్ మీదే దించాను, బ్రేకులు కొత్తవైనా సరే. పక్క సీట్లో మావయ్య, ఒళ్లో నోట్‌బుక్. ఎస్.కోటలో పెట్రోలు పోయించగానే జేబులోంచి పెన్ను తీశారు. వచ్చిన మైలేజీ 13.6. "ఇదివరకు పధ్నాలుగున్నర ఇచ్చేది" అని గొణిగారు. ఇథనాల్ అని చెప్పాను. నమ్మలేదు, నా కాలి బరువన్నారు.

ఇంకా మిగిలినవి: కుడి వెనక తలుపు అడుగు, ముందు లోయర్ ఆర్మ్ బుష్షులు, ఏసీ. పొద్దున్న స్టార్ట్ చేయగానే సైలెన్సరులో నీలం పొగ ఒక్క క్షణం కనబడి పోతోంది, వాల్వ్ సీళ్లు అరిగిన గుర్తు. ఆయిలు పెద్దగా తగ్గడం లేదు కాబట్టి మేస్త్రి ఇప్పుడే హెడ్డు విప్పొద్దన్నాడు. కారు చోటు మార్చాం, బాదం చెట్టు కింద ఇప్పుడు ఎవరిదో స్కూటరుంది. వెనక తలుపు రబ్బరు ఆటోనగర్‌లో దొరకలేదు. అనకాపల్లి దగ్గర తుక్కు యార్డులో ఒక ఎస్టీమ్ పడి ఉందట, తెలుపుది. వర్షాలు మొదలయ్యేలోగా వెళ్లి చూడాలి.